కానుక సంచి

ఆదివారం ఆరాధన అయినంక
చాప మీద సంచి బోర్లించిన.
పదేండ్లుగ నాదే ఈ పని.
నలిగిన పది నోట్లు, మడత పడ్డ ఇరవైలు,
పిల్లల చేతి చెమట అంటిన రూపాయి బిళ్లలు,
ఎవరో ప్రతి వారం వేసే చెల్లని అర్ధ రూపాయి.
మూడు వందలు దాటితే మాకు పండగే.

ఈ వారం పద్నాలుగు అయిదు వందల నోట్లు.
మడత లేదు, ఇస్త్రీ చేసినట్టున్నయి.
పక్కపక్కన పరిస్తే
నంబర్లు వరుసగ నడుస్తున్నయి
బడికి పొయ్యే పిల్లల లెక్క.

బుధవారం రాత్రి మా వాడల కరెంటు పోయింది.
పోయినంకనే తలుపులు సప్పుడైనయి.
ఉంగరం గుర్తాయన తమ్ముడు
వేరే వాడలల్ల పసుపు నీళ్ల చెంబు పట్టిండట.
మా కాడికి నల్లట్ట గ్రంథం తెచ్చిండు,
కొత్తది, ప్లాస్టిక్ కవరు గూడ తియ్యలే.
"దీని మీద చెయ్యి పెట్టు, ఎస్తేరక్కా."

ఒట్టే పెట్టుకోవద్దని
అందులనే రాసుందని ఆయనకు తెల్వదు.
నాకు తెలుసు.
అయినా చెయ్యి పెట్టిన. రెండు నోట్లు పట్టిన.
మోకాళ్ల సూదికి దేవరకొండ డాక్టరు
పన్నెండు వందలు అడుగుతుండు.

పాస్టరు ఓబేదయ్య ఇంటికి గూడ వచ్చిండ్రు.
ఉంగరమాయన గుడికి రేకులిస్తనన్నడు,
కత్తెరాయన మైకు సెట్టు.
ప్రసంగంల ఒక్క పేరు చెప్పాలె, గంతే.
ఆయన వాక్యం మధ్యల ఆగి అద్దాలు తుడుసుకున్నడు.
"ఈ ఎలక్షన్ల దేవుడు నిలబడలే.
ఆయనకు గుర్తు ఎవరియ్యలే.
అట్ట చాటుకు ఒక్కరే పోవాలె, నిజమే.
పక్కింటోళ్లను మాత్రం బయట ఇడిసి పోకుండ్రి."
మాకు సగమే సమజయింది.
రేకులు రాలే.

గురువారం బడిల లైను.
నా ముందు పక్కింటి మైబమ్మ,
ఫ్లోరిన్ నీళ్లు వంచిన నడుముతోటి
నేలను చూసుకుంటనే లోపలికి పోయింది.
లిస్టుల నేను లింగమ్మను, గుళ్లె ఎస్తేరును.
ముద్ర చేతికిచ్చినంక
ఆ ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నం.
మైబమ్మకు నిటారుగ నిలబడ్డ ఆకాశం
ఎన్నేండ్ల కింద కనబడ్డదో అనుకున్న.
ముద్ర ఎక్కడేసిన్నో చెప్ప.
నోటు చూపించిన దిక్కు వెయ్యలే.

పొద్దూకకముందే లెక్క తేలింది.
పంతొమ్మిది ఓట్లతోటి ఉంగరమే గెలిచింది.

నేను సంచిల వేసినవి రెండే.
మిగతా పన్నెండు ఎవరివి?
ఎవరి కండ్లల్ల చూసినా
అందరు పాటల పుస్తకాలు సదురుకుంటున్నరు.

ఓబేదయ్య నోట్లు ముట్టలే.
అప్పట్ల ఒకడు గుళ్లె ఇసిరికొట్టిన వెండి బిళ్లల కథ చెప్పిండు.
పెద్దలు వాటిని కానుక పెట్టెల వెయ్యలేదట,
కుమ్మరాయన పొలం కొన్నరట
పరాయోళ్లను పాతిపెట్టేటందుకు.
అందరికీ ఆ బిళ్లల మీద ధ్యాస.
నాకు ఆ పొలం మీదికి పోయింది.

మాకు పొలం లేదు.
మా నాయినను కుంట శిఖంల పెట్టినం.
వానకాలం నిండినప్పుడు
సిలువ కొస ఒక్కటి నీళ్ల మీద తేలుతది,
కొంగ వాలుతది దాని మీద.
ఇరవై గుంటలు ఇప్పిస్తమని
మూడు ఎలక్షన్ల నుంచి చెప్తనే ఉన్నరు,
ఉంగరమోళ్లు, కత్తెరోళ్లు.

లెక్కల పుస్తకంల రాసిన: కానుక, మూడు వందల పన్నెండు.
ఎదురు పేజీల పెన్సిలుతోటి: పద్నాలుగు నోట్లు, మనయి కావు.
రుమాలుల కట్టి పెట్టినం.
గ్రామసభ నాడు కొత్త సర్పంచు టేబుల్ మీద పెట్టాలె,
ఇరవై గుంటల అర్జీ దాని మీద పెట్టాలె,
మేము గూడ తీసుకున్నమని ముందు ఒప్పుకోవాలె.
గా మాట కాడనే అందరు నేల చూసిండ్రు.
ఎవరు లేస్తరో ఇంక తేలలే.

అర్జీ కింద నేను రెండు పేర్లు రాసిన.
మోకాళ్ల సూది వచ్చే నెల చూద్దం.